జపాన్ సారు అనని మాట

దుబాయ్ వెళ్ళొచ్చి నెల దాటింది. ఇంటికొచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది అక్కడ బంగారం ధరెంత అని, తర్వాత అడిగేది ఆ ఆకాశమంత మేడ ఎక్కావా అని. బంగారం కొనలేదు, మేడ ఎక్కలేదు. విమానమెక్కి అంత దూరం పోయి చేతులూపుకుంటూ వచ్చావా అని మా బావమరిది మొహం మీదే అనేశాడు. అతనికి చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను గానీ, వెళ్ళనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. నేను వెళ్ళింది ఒక మనిషిని చూడ్డానికి.

ముందు నా సంగతి చెప్పాలి. ముప్పయ్యొక్క ఏళ్ళు జగిత్యాల జిల్లా బళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకు నేను డ్రిల్ సారుని. ఈల, బెత్తం, గొంతు, ఈ మూడే నా ఆస్తి. రిటైరైన రోజున ఈల, బెత్తం బళ్ళో అప్పజెప్పాను. గొంతు ఎవరికి అప్పజెప్పాలో తెలియక ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో ఆ గొంతు ఒకసారి వాడి చూస్తే మా ఆవిడ అంతకు రెండింతలు అరిచింది. ఇక ఆ ప్రయత్నం మానుకున్నాను.

అలాంటి రోజుల్లో ఫోన్లో జపాన్ సారు కనబడ్డాడు. ఒకప్పుడు వాళ్ళ దేశం జట్టుకు ఫుట్‌బాల్ ఆడిన మనిషి. అసలు పేరు మా నోళ్ళకు తిరగదు, అందుకే అందరం జపాన్ సారనే అంటాం. ఆట మానేసి చాలా ఏళ్ళయింది, వయసు యాభై దాటింది. రోజూ పొద్దున్నే ఇంటి వెనక కూరగాయల మడి పక్కన, నీలం నిక్కరుతో నిలబడి, మోకాళ్ళకూ నడుముకూ మెడకూ పది నిమిషాలు కసరత్తు చేసి చూపిస్తాడు. వెనక పాట ఉండదు, ఆర్భాటం ఉండదు. మెల్లగా ఏదో చెబుతూ చేస్తాడు, చివర్లో నేలకు వంగి దండం పెడతాడు, అంతే. ఆడే రోజుల్లో ఆయన పేరు ఎందరికి తెలుసో నాకు తెలియదు గానీ, ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో ఆయన మొహం చూసి నిద్ర లేస్తున్నారు. ఆ వీడియోల కింద కామెంట్లు చూస్తే అన్ని దేశాల లిపులూ కలిసి సంతలాగా ఉంటాయి.

జపాన్ భాష మనకెవడికి తెలుసు? అందుకని ఆ వీడియోల మీద నేను తెలుగులో నా గొంతు పెట్టడం మొదలుపెట్టాను. ఎలా చేయాలో మా అమ్మాయి చూపించింది. కాళ్ళు ఇంత ఎడం పెట్టండి, ఇంతసేపు కూర్చోండి, ఇదంతా కంటికి కనబడేదే కాబట్టి ఇబ్బంది లేదు. అయితే చివర్లో దండానికి ముందు ఆయన వేలెత్తి ఒక మాట అంటాడు. రోజూ అదే మాట. అదేమిటో తెలియదు. ఖాళీగా వదిలేస్తే బాగుండదని నా సొంత మాట అతికించాను. "నొప్పొచ్చినా ఆపొద్దు! ఆపినవాడు ఆటగాడే కాదు!" బళ్ళో పిల్లల్ని మైదానం చుట్టూ ఉరికిస్తూ ముప్పయ్యేళ్ళు అరిచిన మాటే అది. జనానికి అదే నచ్చింది. నెల తిరక్కుండా గల్ఫ్‌లో ఉన్న మావాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది.

ఓ రోజు నా పాత విద్యార్థి సతీశ్ దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. "సార్, జపాన్ సారు ఇక్కడికి వస్తుండు. పిల్లలకు ఆట నేర్పేటందుకు ఒక్కరోజు. మీరు రావాలె. టికెట్ మేం పంపుతం, మీరు కాదనొద్దు." నేను మాటవరసకు కూడా కాదనలేదు. ఆయన పక్కన నిలబడి, అయ్యా, తెలుగువాళ్ళకు మీ గొంతు నేనే అని చెప్పుకోవాలి. ఫోటో దిగాలి. వెళ్ళేటప్పుడు నా మనసులో ఉన్నది ఇంతే.

ఇంటర్నేషనల్ సిటీ

సతీశ్ ఉండేది ఇంటర్నేషనల్ సిటీలో. ఒక్కో పేటకు ఒక్కో దేశం పేరు పెట్టారు. చైనా దాటితే పర్షియా, పర్షియా దాటితే ఫ్రాన్స్. ఏ దేశంలో చూసినా బాల్కనీల్లో ఆరేసినవి మాత్రం మన లుంగీలే. రెండు గదుల ఇంట్లో ఏడుగురు. గుమ్మం ముందు చెప్పులు చూసి పెళ్ళివారిల్లు అనుకున్నాను. వంట వంతులవారీగా. నేను దిగిన రోజు వంతు ఒక కోరుట్ల అతనిది. పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర చేశాడు. ఊళ్ళో తిన్నదానికన్నా పచ్చిపులుసు బాగుందంటే వాళ్ళు నమ్మలేదు, మెచ్చుకోలుకు అంటున్నానని నవ్వారు.

తెల్లారి ఒక్కణ్ణే టీ తాగుదామని దిగాను. చిన్న కప్పు టీ ఒక దిర్హాం, మన లెక్కలో ఇరవై రూపాయలు పైమాటే. మా ఊళ్ళో అదే డబ్బుకు ఇద్దరికి టీ, ఇన్ని ముచ్చట్లు వస్తాయి. టీ తాగి రోడ్డు దాటబోతే నన్ను చూసి ఇటు నాలుగు కార్లు, అటు మూడు కార్లు టక్కున ఆగిపోయాయి. నా జన్మలో నా కోసం ఒక్క ఆటో ఆగలేదు. ఏం చేయాలో తోచక ఒక్కొక్క కారు వైపు తిరిగి నమస్కారం పెట్టుకుంటూ దాటాను. సగం దాటాక వెనకున్నవాడు హారన్ కొట్టాడు. నమస్కారాలు ఆపి పరుగెత్తాను.

ఆ మధ్యాహ్నం ఎక్కిన టాక్సీ నడిపేవాడు పెషావర్ పఠాను, గడ్డం సగం నెరిసింది. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా మెడ అటూ ఇటూ ఒక లెక్క ప్రకారం తిప్పుతున్నాడు. ఆ లెక్క నాకు తెలుసు. అది జపాన్ సారుదే. ఫోన్ తీసి ఆయన బొమ్మ చూపించాను. "అరే, యే తో హమారా ఉస్తాద్ హై!" అని స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. రోజుకు పన్నెండు గంటలు కూర్చునే నడుముకు ఆ ఉస్తాదే దిక్కట. నేను ఆయన తెలుగు గొంతునని చెప్పాను. తెలుగంటే ఏమిటన్నాడు. హైదరాబాద్ అన్నాను. బిర్యానీ అన్నాడు. మా పరిచయం అక్కడితో పూర్తయింది.

కల్బా

శనివారం కల్బా వెళ్ళాను. దారంతా కొండలు. మన గుట్టల మీద ఏమీ లేకపోయినా నాలుగు సీతాఫలం చెట్లుంటాయి, ఒక మేకల మంద ఉంటుంది. ఇక్కడి కొండల మీద గడ్డిపోచ లేదు, ఒంటి మీద బట్ట లేనట్టు నిలబడి ఉన్నాయి. సొరంగం దాటి దిగితే చివరికి సముద్రం. బీచ్ పక్కన మలయాళీ హోటల్లో పది దిర్హాములకు అన్నం, చేపల కూర, వేపుడు. కూరలో కొబ్బరినూనె వాసనకు మొదటి ముద్ద కష్టమైంది, మూడో ముద్దకు అలవాటైంది, చివరికి పళ్ళెం ఊడ్చేశాను.

కల్బాలో నా విద్యార్థి లింగం ఉన్నాడు. మా బడి కబడ్డీ జట్టుకు కెప్టెన్. కూతకు వెళితే ఇద్దర్ని ముట్టుకోకుండా తిరిగొచ్చేవాడు కాడు. ఇప్పుడు నలభై రెండేళ్ళు, పదిహేనేళ్ళుగా టైల్స్ మేస్త్రి. పనివాళ్ళ క్యాంపు గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ బయటివాళ్ళు లోపలికి రాకూడదని ఆపాడు. ఇంతలో లింగం వచ్చి, రోజూ ఫోన్లో వినబడే గొంతు ఈ సారుదేనని చెప్పాడు. వాచ్‌మన్ నన్ను కిందనుంచి పైదాకా చూసి, ఏదైనా మాట్లాడమన్నాడు. "నిలబడు! సావధాన్!" అన్నాను. లేచి నిలబడి గేటు తీశాడు.

లింగం నా కాళ్ళకు మొక్కబోయి సగంలో ఆగిపోయి, గోడ పట్టుకున్నాడు. వంగలేకపోయాడు.

"మంచిగున్నవారా?"

"మంచిగున్న సార్. రోజు మీ గొంతు వింటనే ఉన్న గదా, మీరు దూరమున్నట్టే లేదు."

"కాలుకేమైంది?"

"ఏం గాలే సార్. కొంచెం వాపు. సెట్ అయితది."

ప్యాంటు పైకి మడిచి చూపించమన్నాను. కుడి మోకాలు మీద బత్తాయంత వాపు. రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని టైల్స్ పరిచేవాడికి మోకాలే కదా అన్నం పెట్టేది. డాక్టర్ దగ్గరికి పోయావా అని కోప్పడ్డాను.

"పోతే రెస్ట్ రాస్తడు సార్. వచ్చే నెల నా అకామా, ఈడ ఉండే పర్మిట్, రెన్యువల్. మోకాలు పోయిన మేస్త్రిని కంపెనీ ఏం జేసుకుంటది? మా మేనేజరు ముదీర్ ఖలాస్ అంటడు, టికెట్ చేతుల పెడ్తడు. ఇంకో రెండేండ్లు గుంజితే మెట్‌పల్లిల నాదే టైల్స్ దుకాణం పెట్టుకుంట. అందుకే ఎవ్వరికి చెప్పలే." గొంతు తగ్గించాడు. "రేపు జపాన్ సారు ఒక్కసారి చెయ్యి వెట్టి చూస్తే సాలు. అంత పెద్ద డాక్టరు."

ఆయన డాక్టరని నేనెప్పుడూ చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. క్యాంపులో అందరూ అలాగే అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది, అయినా దిద్దలేదు. డాక్టర్‌కు గొంతునంటే నా హోదా కూడా పెరుగుతుందిగా.

రోజూ ఎలా చేస్తున్నాడో చూపించమన్నాను. జపాన్ సారు కసరత్తుల్లో ముఖ్యమైనది గోడ లేని గోడకుర్చీ. కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో సగం కూర్చుని లెక్కపెట్టాలి. లింగం కూర్చున్నాడు. ఇరవై దగ్గర పెదవి కొరికాడు. ముప్పై దగ్గర ముఖమంతా చెమట. ఆ చెమట చూడగానే నాలో డ్రిల్ సారు నిద్ర లేచాడు. "ఇంకో పది! ఆపినవాడు ఆటగాడే కాదు!" అన్నాను. చేశాడు. లేచేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శభాష్ అని భుజం తట్టాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాయకపోతే మిగతాది చెప్పడానికి నాకు అర్హత లేదు.

సత్వా

ఆదివారం పొద్దున సత్వా. నా వీడియోల కింద రోజూ కామెంట్ పెట్టే సువార్తమ్మ గారు ఉండేది అక్కడ. రాజోలు దగ్గర పల్లె ఆమెది. పదకొండేళ్ళుగా ఒక ఇంట్లో వంటా, పిల్లల పనీ చేస్తోంది. సెలవు రోజు మాత్రం సత్వాలో మరో ఐదుగురు ఆడవాళ్ళతో పంచుకున్న గదికొచ్చి పడుకుంటుంది. దుబాయ్ వస్తే చేపల పులుసు పెడతానని ఎప్పుడో కామెంట్‌లో మాటిచ్చింది. ఆడవాళ్ళ గదిలోకి మగవాడు వెళ్ళకూడదు కనుక క్యారేజీ కట్టుకుని కింద టీ హోటల్‌కే తెచ్చింది. హోటల్ మలయాళీ ఏమీ అనకుండా రెండు పళ్ళేలు ఇచ్చాడు, రెండు టీలు చెప్పాలన్నది ఒక్కటే షరతు.

"తినండి మాస్టారూ. పులస కాదండోయ్, ఇక్కడ దొరికే చేపే. పులుసు మాత్రం మాదేనండి."

పులుసు అమృతం. రెండోసారి వడ్డిస్తూ ఆమె కొంచెం తటపటాయించింది.

"ఓ మాటడగనాండీ? కోప్పడరుగా?"

"అడగండమ్మా."

"వీడియో చివర్న ఆయన వేలెత్తి ఓ మాటంటాడు కదండీ. అది మీకు తెలిసే చెప్తున్నారాండీ?"

"భావం చెబుతున్నాను" అన్నాను కొంచెం బిగుసుకుని.

"ఆయ్, భావం కాదండి బాబూ, మొత్తం తిరగబడిందండి. నేను పనిచేసేది జపానోళ్ళింట్లోనండి. ఆ ఇద్దరు పిల్లల్నీ నేనే పెంచాను. 'నొప్పి పుడితే ఆపెయ్యండి, రేపు మళ్ళీ చేద్దాం.' ఇదండీ ఆయన రోజూ అనేది. పిల్లలు ఆడుకుంటూ పడితే మా అమ్మగారూ ఇదే అంటారు, నేనూ ఇదే అంటాను. ఇన్నాళ్ళూ మీ వీడియో చూసినప్పుడల్లా నవ్వుకునేదాన్నండి, మాస్టారిది గొంతు బంగారం, మాట మాత్రం సొంతం అని."

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. నీళ్ళు తాగాను. నా కళ్ళ ముందు పులుసు లేదు, లింగం మోకాలు ఉంది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"కామెంట్ పెట్టానండీ! మీరు దండం బొమ్మ పెట్టి ఊరుకున్నారు."

ఫోన్ తీసి వెతికాను. ఉంది. ఆమె స్పష్టంగా రాసింది. దాని కింద నేను పెట్టిన దండం బొమ్మ. చదవకుండానే అందరికీ అదే పెడుతూ పోయాను. నా నోరు పడిపోను! ఎక్కడో కూరగాయల మడి పక్కన నిలబడి ఒక మంచి మనిషి రోజూ జాగ్రత్త చెబుతుంటే, ఆ మాట తుడిచేసి దాని మీద నా బెత్తం పెట్టాను. నిన్నటికి నిన్న ఆ కాలితో ఇంకో పది చేయించాను. ఇదంతా సువార్తమ్మ గారికి చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చేతులు కడుక్కుని, "ఆ అబ్బాయి గ్రౌండ్‌కి వస్తాడా? అయితే నేనూ వస్తానండి. ఎనిమిదింటికి ఇంట్లో ఉండాలి, ఈలోగా అయిపోవాలి" అంది.

మెట్రోలో ఆమె వెనకే తల వంచుకుని ఎక్కాను. ఎక్కాక చూస్తే చుట్టూ అందరూ ఆడవాళ్ళే. ఒక పెద్దావిడ నేల మీది గులాబీ గీత చూపించి కళ్ళెర్రజేసింది. అది ఆడవాళ్ళ పెట్టె, మగవాడు ఎక్కితే జరిమానా. మన ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళ సీట్లో కూర్చుంటే కండక్టర్ లేపుతాడు, అంతటితో సరి. గీత దాటి ఇవతల నిలబడి చెమట తుడుచుకున్నాను.

గ్రౌండ్

గ్రౌండ్ దగ్గర జనాన్ని చూసి సతీశ్ నోరెళ్ళబెట్టాడు. ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళు పదిమంది ఉంటే ఎక్కువ. మిగతావాళ్ళంతా నడుములు, మోకాళ్ళు, మెడలు. నిలబడి నిలబడి కాళ్ళు వాచిన ఫిలిప్పీన్ నర్సులు, కొట్ల మలయాళీలు, పఠాన్ డ్రైవర్లు, చక్రాల కుర్చీలో ఒక అరబ్బు పెద్దాయన. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా లైన్‌లో నిలబడి ఒకరికొకరు మోకాళ్ళు చూపించుకుంటున్నారు.

లింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని కుంటుకుంటూ వచ్చాడు. అతన్ని చూడగానే నిజం చెప్పేద్దామనుకున్నాను. చివరికి కాలెలా ఉందని మాత్రమే అడిగాను. సువార్తమ్మ గారే, "బాబూ, పాంటు పైకి మడిచి ఉంచుకో" అంది.

జపాన్ సారు ఫోన్లో కన్నా పొట్టిగా ఉన్నాడు. పిల్లల ఆట అయ్యాక మైదానంలో పెట్టిన గుర్తులన్నీ తానే ఏరి సంచిలో వేసుకున్నాడు. చుట్టూ పదిమంది మనుషులుండగా పెద్దమనిషి తానే వంగి ఏరడం నాకు వింతగా తోచింది. నా ముప్పయ్యొక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క బంతీ నా చేత్తో ఏరలేదు, దానికి పిల్లలుండేవాళ్ళు. తర్వాత ఫోటోలు. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం.

మా వంతు వచ్చింది. సువార్తమ్మ గారు నోరు తెరిచి జపాన్ భాషలో మాట్లాడేసరికి పక్కనున్న జపాన్ అమ్మాయిలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లలతో మాట్లాడి నేర్చుకున్న భాష కదా, అన్నం తినమని బతిమాలుతున్నట్టే ఉందట. జపాన్ సారు మాత్రం నవ్వలేదు. వెంటనే గడ్డి మీద కూర్చుని లింగం మోకాలు కింద చెయ్యి పెట్టాడు. నొక్కలేదు, ఊరికే పట్టుకున్నాడు. తర్వాత తన నిక్కరు అంచు పైకి లాగి తన మోకాలు చూపించాడు. పాత కోత, జానెడు పొడవు.

ఆయన చెప్పినదాన్ని సువార్తమ్మ గారు మెల్లగా మాకు తిప్పి చెప్పింది. "ఆయన డాక్టర్ కాదంటండి. నొప్పితో ఆపకుండా ఆడినందుకే తన ఆట ముందే అయిపోయిందంట. రేపే ఆసుపత్రికి వెళ్ళమంటున్నారు. అప్పటిదాకా ఏమీ చెయ్యొద్దంట." ఆయన మళ్ళీ ఏదో అడిగాడు. ఈసారి ఆమె వెంటనే చెప్పలేదు, ముందు నా వైపు చూసింది. "నొప్పితో చెయ్యమని నీకెవరు చెప్పారని అడుగుతున్నారు బాబూ."

నేను చెప్పాలి. చెప్పాల్సినవాణ్ణి నేనే.

"ఎవ్వరు జెప్పలే" అన్నాడు లింగం. "నా తెలివితోని నేనే జేసిన."

ఆమె అదే చెప్పింది. జపాన్ సారు లింగం భుజం మీద చెయ్యి వేశాడు. ఎవరో ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టిద్దామంటోంది, నేను కట్టనివ్వడం లేదు.

బయట కార్ల దగ్గర లింగాన్ని ఆపి నిజం మొత్తం చెప్పాను. అది ఆయన మాట కాదురా, నాది అని. విన్నాడు. ఆశ్చర్యపోలేదు.

"తెలిసింది సార్. ఆయన అనంగనే సమజైంది."

"మరెందుకురా అట్ల చెప్పినవ్?"

"మరేమనాలె సార్? అంతమంది ముంగట, దేశంగాని దేశంల, మా సారే తప్పు జెప్పిండు అంటనా?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మోకాలు పోగొట్టుకుంటున్నవాడు నా పరువు కాపాడుతున్నాడు. సువార్తమ్మ గారు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

మళ్ళీ కల్బా

ఆ రాత్రి ఇంటర్నేషనల్ సిటీకి పోలేదు. లింగంతో కల్బా వెళ్ళి, తెల్లారి క్లినిక్‌కు నేనే తీసుకెళ్ళాను. కీలు మధ్య మెత్తలాంటి పొర చిరిగిందన్నాడు డాక్టర్. ఆరు వారాలు మోకాలు మడవకూడదు. ఇంకో నెల ఇలాగే చేసి ఉంటే కత్తి పెట్టాల్సి వచ్చేదట. లింగం డాక్టర్ రాసిచ్చిన కాగితం మడిచి జేబులో దాచేయబోయాడు. నేను లాక్కున్నాను.

కాగితం పట్టుకుని సైట్‌కు వెళ్ళాను. ఫోర్మన్ మలయాళీ, ఎండకు మాడిన మనిషి. నా హిందీ అంతంతమాత్రం. "గల్తీ మేరా హై, ఇస్కా నహీ" అని మొదలుపెట్టి, వీడియో, గొంతు, జపాన్, గోడకుర్చీ, అన్నీ చేతులతో చేసి చూపించాను. పనిచేస్తున్నవాళ్ళంతా ఆపి చూశారు. ఫోర్మన్ కాగితం రెండుసార్లు చదివాడు. లింగంలాగా మూలలు కోసేవాడు తన దగ్గర ఇంకొకడు లేడన్నాడు. ఆరు వారాలు కుర్చీ వేసుకుని మిషన్ మీద టైల్స్ కోసే పని ఇస్తానన్నాడు. అకామా సంగతి ముదీర్‌కు చెబుతాను గానీ మాట ఇవ్వలేనన్నాడు. "యల్లా, అబ్ జావ్" అని పంపేశాడు. నేను తిరిగొచ్చిన మూడో వారంలో లింగం ఫోన్ చేశాడు. అకామా వేశారు. ఒక్క ఏడాదికి.

సైట్ నుంచి వచ్చిన ఆ మధ్యాహ్నమే కూర్చుని నా పాత వీడియోలన్నీ తీసేశాను. కానీ వాట్సాప్‌లో చేతులు మారినవాటిని ఎవడు తీయగలడు? కొత్తది ఒకటి చేసి వాటి వెంట తోలడమే మార్గం. సాయంత్రం పని నుంచి బస్సులు వచ్చాయి. స్నానాలు కానిచ్చి క్యాంపు వాకిట్లో మావాళ్ళంతా నాలుగు వరుసల్లో నిలబడ్డారు. ఫోన్లో విన్న డ్రిల్ సారు ఎదురుగా చేయిస్తాడంటే వాళ్ళకు పండగ. నిర్మల్‌వాళ్ళు, జగిత్యాలవాళ్ళు, ఇద్దరు అమలాపురంవాళ్ళు. లింగం ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కాలు చాపుకుని, నా ఫోన్‌తో తీస్తున్నాడు.

గోడ లేని గోడకుర్చీ వేయించాను. ఒకటి, రెండు, మూడు. పది దాటింది. వాళ్ళ ముఖాలు చూశాను. అందరూ పళ్ళు బిగబట్టి ఉన్నారు. రోజూ ఇట్లాగే చేస్తున్నారన్నమాట, నా మాట మీద. ఇరవై దగ్గర ఆగాను.

"ఒక్క మాట చెబుతా, వినండి. నొప్పొచ్చినా ఆపొద్దని జపాన్ సారు ఏనాడూ అనలేదు. ఆ మాట నాది. నాకు ఆయన భాష రాదు, నేనే కల్పించి చెప్పిన. లింగం మోకాలు నా వల్లనే చెడ్డది. ఆయన రోజూ చెప్పేది ఒక్కటే. నొప్పొస్తే ఆపెయ్యమని."

ఎవరూ కదల్లేదు. సగం కూర్చున్నవాళ్ళు అలాగే ఉన్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. మూడో వరుసలో తల నెరిసిన నిర్మల్ వడ్రంగి ఒకాయన ఉన్నాడు. తొడలు వణికిపోతున్నాయి.

"నిజంగనే ఆపొచ్చా సారూ?" అన్నాడు.

"ఆపొచ్చు."

వరుసల్లో ఇరవై రెండు మంది ఉన్నారు. ఇరవై రెండు మందీ ఆపేశారు.